రాజీఖుషీగా

రిజిస్ట్రేషన్ ఆఫీసులో పేరు పిలిచేదాకా బయట కూర్చోమన్నారు. గోడవారగా ఉన్న ఇనుప బెంచీ మీద, ఒళ్లో సంచీ పెట్టుకుని మహేశ్వరి కూర్చుంది. ఎదుటి బెంచీ మీద ప్రేమ్‌రాజ్ వకీలు కూర్చుని ఉన్నాడు, కాలు చాపితే కాలు తగిలేంత దగ్గరలో, నల్లకోటు విప్పి మోకాళ్ల మీద వేసుకుని, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ. ఇందాక ఆమె మెట్లెక్కి వచ్చినప్పుడు అతను చూశాడు, లేచి నిలబడ్డాడు కూడా, "నమస్తే అమ్మా, మీరే గద అంజన్ అక్క, మీ కోసమే సూస్తున్నం" అన్నాడు. ఆ చూపులో కొత్త మనిషికి ఇచ్చే మర్యాద తప్ప ఇంకేమీ లేదు. ఆమె కూడా చేతులు జోడించింది. అతను గుర్తుపట్టలేదు. మూడు వారాలుగా ఈ ఘడియను ఎన్ని రకాలుగా ఊహించుకుందో, చూడగానే మొహం తిప్పుకుంటాడని, తడబడతాడని, పక్కకు పిలిచి బతిమాలతాడని. గుర్తుపట్టకపోవడం ఒక్కటే ఊహకు రాలేదు. మంచిదే, ఇంకా మంచిది, పుట్టలో పాము ఉందని తెలియని వాడే ధైర్యంగా చెయ్యి పెడతాడు.

ఇవాళ అతనికి ఆమె సంతకం కావాలి. ధూల్‌పేట్‌లో బాపు కట్టిన ఇల్లు అది, ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదులు, ఆషాఢం వచ్చేసరికి షెడ్డు నిండా తలలు లేని వినాయకులు, చేతులు లేని వినాయకులు, వాళ్ల మధ్య నుంచి ఒదిగి ఒదిగి నడిచి బడికి పోయేవాళ్లు తనూ తమ్ముడూ. బాపు మల్లన్న పోయాక తమ్ముడు అంజన్ ఆ పని నడుపుతున్నాడు. ఆ సున్నపు పొడి, ఆ స్ప్రే రంగు ఏళ్ల తరబడి పీల్చి పీల్చి అంజన్ భార్య రాజమణికి ఊపిరి పట్టేస్తోంది, ఆ ఇంట్లోనే ఉంటే మనిషి దక్కదని డాక్టరు చెప్పేశాడు, అందుకని అది అమ్మి ఊరి బయట జాగా చూసుకున్నారు, షెడ్డు ఒక మూల, ఇల్లు ఇంకో మూల వచ్చేటట్టు. కొనేది ప్రేమ్‌రాజ్ వకీలు, కూతురి పేరు మీద. రోడ్డు ముఖం ఉన్న జాగా గనుక కింద కూతురికి ఆఫీసు, పైన ఇల్లు కట్టిస్తాడట. బాపు వీలునామా రాయలేదు, ఇంట్లో కొడుకుకు ఎంతో కూతురికీ అంతే, ఇద్దరూ సంతకం పెడితేనే ఆ అమ్మకం నిలుస్తుంది. వకీలుకు తెలియని సంగతా అది, మొదటి రోజే అంజన్‌తో అన్నాడట, "మీ అక్క రాకుంటే నేను బయానా గూడ ఇయ్య" అని. తను కొనేటప్పుడు అక్కలు గుర్తుకొస్తారు, చెల్లెళ్లు గుర్తుకొస్తారు.

ఆ మాట అంజన్ వచ్చి చెప్పిన సాయంత్రం ఆమె కండక్టరు డ్యూటీ దిగి అప్పుడే ఇంటికొచ్చింది, బస్సులో పొద్దంతా నిలబడ్డ కాళ్లను బకెట్ నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. "కొనేటాయన ఎవరురా" అని ఊరికే అడిగింది. "పెద్ద వకీలే అక్కా, నయాపూల్ దగ్గర ఆఫీసు, ప్రేమ్‌రాజ్ సార్ అని" అన్నాడు అంజన్. బకెట్‌లో నీళ్లు చల్లగా ఉన్నాయి, పైకి చూస్తే వంటింటి తలుపు దగ్గర నగేష్ నిలబడి టీ వడపోస్తున్నాడు, మొగుడు ఆ పేరు విన్నాడా అని చూసింది, వినలేదు, కుక్కర్ కూత పెడుతోంది. అంజన్‌కు ఆ పేరు తెలియదు. అప్పట్లో వాడు పని మీద నాందేడ్ దిక్కు ఉండేవాడు, అక్క ఇల్లు పోయిందని తెలుసు గాని పోగొట్టిందెవరో తెలియదు. ఆ క్షణాన ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది, వీడు వద్దురా, వేరేవాణ్ని చూసుకో అంటే అంజన్ చూసుకునేవాడు. అప్పుడేమయ్యేది, ప్రేమ్‌రాజ్ ఇంకో వీధిలో ఇంకో ఇల్లు కొనుక్కునేవాడు, ఒక వెంట్రుక కూడా రాలేది కాదు. "వస్త తియ్‌రా, ఎప్పుడంటే అప్పుడు వస్త" అంది ఆమె, అంత మెత్తగా అన్నందుకు తనకే ఆశ్చర్యమేసింది, అంజన్ కళ్లలో నీళ్లు తిరిగాయి, తన వాటా సంగతి ఎత్తకుండా సంతకం పెట్టే అక్క ఎంతమందికి ఉంటుంది అనుకున్నాడు కాబోలు పాపం.

మూడు వారాలు ఆ ఒక్క మాటను నాలుక కింద దాచుకుంది. చార్మినార్ నుంచి బండి కదులుతుంటే టిక్కెట్టు మిషను నొక్కుతూ అనుకునేది, ఆఫీసరు అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు, అందరినీ అడుగుతారు, రాజీఖుషీగా సంతకం పెడుతున్నావా, ఎవరైనా బలవంతం చేశారా అని. అప్పుడు అంటుంది. ముందు కాదు. స్టాంపు సుంకం కట్టినాక, కట్టబోయే ఇంటికి నక్ష గీయించుకున్నాక, చుట్టాలను పిలుచుకున్నాక, కూతురు కొత్త చీర కట్టుకుని వచ్చి కూర్చున్నాక. చేతికి అందిన ముద్ద నోటిదాకా పోయినాక. తమకు ఎట్లా పోయిందో అట్లానే.

ఆ కూతురు అదిగో, తండ్రి పక్కన, తనూజ అట పేరు, ఆకుపచ్చ పట్టుచీర, చేతికి గడియారం, ఈ మధ్యనే వకీలు అయిందట, ఫోన్‌లో ఏదో చదువుకుంటూ మధ్య మధ్య తలెత్తి మహేశ్వరిని చూసి నవ్వుతోంది. నవ్వు మంచిదే. నవ్వితే ఏమిటి, తను నవ్వలేదా ఆ రోజు, తనూ కొత్త చీర కట్టుకుంది, ఇదే ఆఫీసు కాదు గాని ఇట్లాంటిదే, ఇట్లాంటి బెంచీ, ఇట్లానే పైన ఫ్యాను గాలి ఇయ్యకుండా చప్పుడు మాత్రం చేసేది. ఎనిమిదేళ్ల కింద. ఛత్రినాకలో రెండు గదులు, పైన డాబా, కొన్నాక ఆమె మొదట చేయించింది వంటగట్టు. తను పొట్టి మనిషి, పుట్టినింట్లోనూ అద్దె ఇళ్లలోనూ ఎప్పుడూ మునివేళ్ల మీద నిలబడి కూర తాళింపు వేసిన మనిషి, మేస్త్రీని పక్కన నిలబెట్టుకుని తన మోచేయి చూపించి, ఈ ఎత్తుకు కట్టు, ఒక్క ఇటుక కూడా ఎక్కువ వద్దు అని చెప్పి కట్టించుకుంది. మేస్త్రీ నవ్వాడు, రేపు కోడలొస్తే నడుం వంగిపోతదమ్మా అన్నాడు. వంగనీ, నా ఇల్లు అంది. నా ఇల్లు. ఇప్పుడు ఆ వీధి వెంబడే డ్యూటీకి పోవాలి, ఆ కిటికీ తెరిచి ఉంటుంది, లోపల ఒక పొడుగాటి ఆవిడ నడుం పట్టుకుని ఆ గట్టు మీద వంగి కూరగాయలు కోస్తుంటుంది, కట్టించిన వాళ్లను తిట్టుకుంటుందేమో కూడా.

"ఆపా, మీది కొనుడా, అమ్ముడా?"

పక్కన కూర్చున్న బురఖా మనిషి అడిగింది. ముఖం మీది పరదా తీసి తల మీదికి వేసుకుంది, పేరు ఫిర్దౌస్ అని తనే చెప్పింది, షాలిబండ దిక్కు చిన్న ఫ్లాటు కొనాలని చూస్తున్నారట, ఈ రోజు ఆడపడుచు రిజిస్ట్రీకి తోడుగా వచ్చిందట. అమ్ముడే అంది మహేశ్వరి. ఫిర్దౌస్ ఎదుటి మనిషి మోకాళ్ల మీది నల్లకోటు చూసి ఊరుకోలేకపోయింది. "వకీల్ సాబ్, ఏమనుకోకుండ్రి, ఒక్క మాట పూచ్‌నా. ఫ్లాటు కొనాలంటె వకీల్‌కు సూపియ్యాల్నా? డాకుమెంటు రాసెటాయన చాలడా? మా ఇంట్ల అందరు వకీల్ ఎందుకు, ఖాలీ ఖర్చా అంటున్నరు."

ప్రేమ్‌రాజ్ ఫోను జేబులో పెట్టాడు. సలహా అడిగితే అతని వీపు నిటారుగా అవుతుంది, అప్పుడూ అంతే, మహేశ్వరికి గుర్తుంది, కుర్చీలో ముందుకు జరిగి రెండు అరచేతులూ బల్ల మీద పరుస్తాడు. ఇప్పుడు బల్ల లేదు గనుక మోకాళ్ల మీది కోటు మీదే పరిచాడు. "రాసెటాయన రాస్తడమ్మా. నువ్వు చెప్పింది రాస్తడు. అమ్మెటోనికి అమ్మే హక్కు ఉన్నదా లేదా అని ఆయన సూడడు, అది ఆయన పని గాదు. వకీల్‌కు సూపియ్యాలె. అది గూడ ఎప్పుడు? బయానా ఇయ్యక ముందుగాల. అందరు ఏంజేస్తరు, బయానా ఇచ్చి, స్వీట్లు పంచి, ఆఖరికి వకీల్ దగ్గరకొస్తరు. అప్పుడు నేను లోటు జూపితె నా మీదనే కోపానికొస్తరు."

"మీరు ఏం సూస్తరు సాబ్?"

"ఇల్లు ఎవని చేతులకెల్లి ఎవని చేతులకొచ్చింది, మొత్తం సూస్త. దాని మీద బ్యాంకు అప్పు ఉన్నదా, కోర్టుల లొల్లి ఉన్నదా సూస్త. అన్నిటికన్న పెద్దది, ఇంటి పెద్ద చచ్చిపోయిండనుకో, పిల్లలు ఎంతమంది, ఆడపిల్లలు ఎక్కడిచ్చిండ్రు, అందరు ఒప్పుకున్నరా. ఒక్క ఆడపిల్లను యాది మర్చినవంటె గంతే, పదేండ్లు కోర్టు సుట్టు తిరగాలె. అందుకే సూడు," అని మహేశ్వరి వైపు చెయ్యి చాపాడు, "గీ అమ్మను నేను తోల్కొచ్చుకున్న. ఆమె లేకుండ నేను సంతకం వెడతనా?"

ఫిర్దౌస్ మెచ్చుకోలుగా తల ఊపింది. తనూజ ఫోన్ లోంచి తలెత్తి తండ్రిని చూసింది, ఆ చూపులో గర్వం ఉంది, చిన్నప్పటి నుంచి విన్న పాఠమే మళ్లీ విని మురిసిపోయే పిల్ల చూపు. మహేశ్వరి ఒళ్లో సంచీని సర్దుకుంది. తెలుసు. వీడికి అన్నీ తెలుసు. ఇన్నేళ్లూ ఒక మూల చిన్న అనుమానం ఉండేది ఆమెకు, అది నగేష్ పెట్టిన అనుమానం, "తప్పు అందరు చేస్తరు మహేశ్వరీ, ఆయనకు యాదికి లేకపాయె కావచ్చు, పోనియ్" అనేవాడు, నిజంగానే పొరపాటేమో, ఎందుకు కడుపులో నిప్పు పెట్టుకోవడం అని ఒక్కోసారి ఆమెకూ అనిపించేది. ఇప్పుడు వీడు చెప్పిన సంగతే తను అడిగింది ఛత్రినాక ఇల్లు కొనేముందు, నయాపూల్‌లో గడియారాల దుకాణం మీద అతని ఆఫీసులో, అమ్మేటాయనకు అక్కచెల్లెండ్లు ఎవరన్న ఉన్నరా సార్ అని. "ఒక్కడే కొడుకమ్మా, నాకు తెల్వదా ఆ ఇల్లు" అన్నాడు. మేము వేరే వకీల్‌ను పెట్టుకోవాల్నా అంది. "ఎందుకు? అమ్మేటాయనకు నేనే, మీకు నేనే. ఒక్క దగ్గర అయిపోతది, ఫికర్ లేకుండ ఉండుండ్రి." నగేష్ ఆమె మోచేయి గిల్లాడు, ఇంకేం అడగకు అని, చదువుకున్నవాడి ముందు ఎక్కువ ప్రశ్నలు వేస్తే నమ్మకం లేదనుకుంటాడని. అప్పుడు మింగిన ఆ తరువాతి ప్రశ్న ఇప్పటికీ గొంతులోనే ఉంది, బయటికి రాదు, అరగదు.

రెండేళ్లు ఆ గట్టు మీద వండుకున్నాక కోర్టు నుంచి మనిషి వచ్చాడు. అమ్మినవాడికి ఒక అక్క ఉంది, మాణిక్యమ్మ, కర్నూలు దిక్కు ఇచ్చారట, తన సంతకం లేకుండా తండ్రి ఇల్లు అమ్మారని దావా వేసింది. వాయిదాకు పోయినప్పుడల్లా వరండాలో ఎదురుబొదురు కూర్చునేవాళ్లు ఇద్దరూ, మొదట్లో మొహాలు చూసుకునేవాళ్లు కాదు, తరువాత తరువాత ఆవిడ మజ్జిగ సీసా తెచ్చుకుంటే ఈమెకూ ఇంత పోసేది. మాణిక్యమ్మ మీద కోపం నిలవలేదు, ఆవిడ అడిగింది తన తండ్రి ఇంట్లో తన పాలు. ఒకనాడు మజ్జిగ తాగుతూ ఆవిడే అంది, "నా పేరు వకీల్‌కు తెల్వదంటవేందమ్మా, మా నాయన సచ్చినప్పుడు ఇంటోళ్ల పేర్లన్ని రాసి కాయితాలు జేసింది ఆయననే గదా. మా ఇంటికొచ్చి, నేను వడ్డిస్తే తిని పోయిండు." ఆమె వడ్డించిన అన్నం తిని, ఆమె లేదని చెప్పాడు. చెల్లెలు లేదు, అక్క లేదు, ఒక్కడే కొడుకు. ఇల్లు చీల్చడానికి వీల్లేనంత చిన్నది గనుక వేలం వేసి పంచుకోమంది కోర్టు. గట్టు పోయింది. నా ఇల్లు అన్న మాట పోయింది.

అవన్నీ అయినా మరిచిపోయేదేమో. మనుషులు ఇళ్లు పోగొట్టుకుని బతకడం లేదా. ఇది ఇల్లు కాదు, ఇది నగేష్. దావా పడ్డాక ఆ గడియారాల దుకాణం మీది మెట్లు ఇద్దరూ కలిసే ఎక్కారు, ఆమె చెప్పులు విడిచేసరికి అతను లోపలికి పోయాడు, ఆమె గుమ్మం దగ్గరికి వచ్చి చూసేసరికి నేల మీద ఉన్నాడు. గాలివానలో ఊరంతా చీకటైతే కరెంటు స్తంభం చివరికి ఎక్కి ఒంటి చేత్తో వేలాడే లైన్‌మన్ నగేష్, కింద నిలబడ్డ జనం నోళ్లు తెరుచుకుని చూసే నగేష్, ఆ మనిషి వంగి, ప్రేమ్‌రాజ్ బూట్లను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు, ఏదన్న దారి సూపియ్యండి సార్ అంటున్నాడు. ప్రేమ్‌రాజ్ కాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. మాట్లాడడం ఆపలేదు. ఎవరితోనో నవ్వాడు కూడా. ఆమె ఒక చేతిలో చెప్పులతో అక్కడే నిలబడింది, లోపలికి పోలేదు, వెనక్కి పోలేదు, నగేష్ లేచి తిరిగి చూసి ఆమె చూసిందని తెలుసుకున్నాడు. అంతే. ఆ తరువాత ఇద్దరి మధ్యా ఆ సంగతి ఎన్నడూ రాలేదు. కాని అప్పటి నుంచి అతను ఆమె వంక నేరుగా చూడడం మానేశాడు, టీ పెట్టి ఇస్తాడు, కాళ్లు నొప్పులంటే నూనె రాస్తాడు, అన్నీ చేస్తాడు, చూపు మాత్రం భుజం మీదుగా ఎటో పోతుంది. వీడు తీసుకున్నది అది. ఏ కోర్టు ఇప్పిస్తుంది దాన్ని.

ఇవాళ కాళ్లకు ఆ బూట్లు కావు, తోలు చెప్పులు, బొటనవేలు గోరు పగిలి ఉంది. వీడికీ గోళ్లు పగులుతాయి. ఆ గోరు వంక చూస్తూనే ఆమె నోరు తెరిచింది, తెరుస్తుందని తనకే తెలియదు. "సార్, నాదొక మాట. అమ్మెటోనికి, కొనెటోనికి ఒక్క వకీలే సూస్తె ఏమైతది?"

ఇప్పుడు పడతాడు గుర్తు అనుకుంది. అతను ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు, మంచి ప్రశ్న అడిగిన పిల్లను మాస్టరు చూసినట్టు. "ఎన్నడు చెయ్యద్దమ్మా. ఒక్కడే మనిషి రెండు దిక్కుల నిలవడితె, ఎవనికి తక్కువ తెలుస్తదో వాడు మునుగుతడు. ఇప్పుడు సూడు, నేను కొంటున్న గాబట్టి మీ తమ్మునికి నేనే చెప్పిన, మీ దిక్కు ఎవరినన్న పెట్టుకో భాయ్ అని. ఆయననే అక్కరలేదన్నడు." తనూజ అందుకుంది, "డాడీ మాకు ఫస్ట్ చెప్పిందే అది ఆంటీ, ఒక కేసులో ఒక దిక్కే నిలవడాలె అని." మహేశ్వరి తల ఊపింది. ఆ ఊపులో ఇన్నేళ్ల అనుమానం తెగిపడింది. పొరపాటు కాదు, మరుపు కాదు, నగేషూ విన్నావా. ఇంక నీ పోనియ్ అనే మాటకు ఈ ఇంట్లో చోటు లేదు.

అప్పుడే మెట్ల మీద ఆ శబ్దం వినపడింది, మనిషి కంటే ముందు ఊపిరి వచ్చింది, ఈల వేస్తున్నట్టు, చిరిగిన తిత్తి ఊదుతున్నట్టు. రాజమణి. ఆమె కింద ఆటోలోనే కూర్చోవాలి, అట్లా అనుకునే వచ్చారు, కాని సాక్షిగా వస్తానన్న పక్కింటాయన మొయిన్‌కు దుకాణంలో ఏదో పని పడి రాలేదట, సాక్షి లేక ఆగిపోతుందని అంజన్ భార్యనే పైకి తీసుకొచ్చాడు. రెండు అంతస్తులు. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో మొగుడి భుజం పట్టుకుని వచ్చి మహేశ్వరి పక్కన కూలబడింది, పెదవులు నల్లబడ్డాయి, మాట్లాడడానికి కాసేపు పట్టింది. ఫిర్దౌస్ లేచి చోటిచ్చి నీళ్ల సీసా అందించింది. తనూజ తన చేతిలోని ఫైలుతో విసరడం మొదలుపెట్టింది. విసరకు, అనిపించింది మహేశ్వరికి, నీ దయ వద్దు, ఎందుకు విసురుతావు, నాకు కష్టం చేస్తున్నావు. రాజమణి ఆమె చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది చెయ్యి. "ఆడ... కొత్త జాగల గాలి మస్తుంటది వదినె. మొన్న పోయి కూసున్న. పొద్దుగూకేదాక ఒక్కసారి గూడ దగ్గలె."

ఇప్పుడు చెప్పొచ్చు. అంజన్‌ను పక్కకు పిలిచి, ఇదిరా సంగతి, నా వల్ల కాదు, వేరేవాణ్ని చూడు అని. లేదా ఏమీ చెప్పకుండా సంతకం పెట్టి దిగిపోవచ్చు, రాజమణి గాలి పీలుస్తుంది, తన కడుపులోది తనతోనే ఉంటుంది, ఇన్నాళ్లు లేదా. చెయ్యి ఆ చేతిలోనే ఉంచి ఆలోచించింది. ఈ మనిషి తనకేం అపకారం చేసింది, బాపు మంచాన పడ్డప్పుడు ఎత్తి పోసింది ఈమే. ధూల్‌పేట్‌లో రోడ్డు మీది జాగా, ఇవాళ కాకపోతే ఇంకో నెలకు ఎవరో ఒకరు కొంటారు, ఒక్క నెలలో ఏం కాదు. అట్లా తనకు తను చెప్పుకుంటూనే తెలుసు, ఒక్క నెల అని తేలిగ్గా అనేది ఊపిరి సరిగ్గా ఆడేవాళ్లే. తెలిసే చెప్పుకుంది. అటు చూస్తే ప్రేమ్‌రాజ్ చేతిగడియారం చూసుకుంటూ కూతురితో అంటున్నాడు, "శుక్రవారం ముహూర్తం బాగున్నది, ఆ దినమే కొబ్బరికాయ కొడదం." కింద మసీదులో మధ్యాహ్నపు జోహర్ అజాన్ మొదలైంది. లోపలి నుంచి పేరు పిలిచారు.

గది చిన్నది, కెమెరా ముందు ఒక స్టూలు, వేలిముద్రల మిషను, అవతల ఆఫీసరు, అలసిపోయిన మనిషి, తల ఎత్తకుండానే అడిగాడు. అంజన్‌ను అడిగాడు, ఇష్టప్రకారమే అమ్ముతున్నవా, అమ్ముతున్న సార్ అన్నాడు అంజన్, పెన్ను అందుకుని సంతకం పెట్టాడు, పక్కకు జరిగాడు. "మహేశ్వరి, మల్లన్న బిడ్డ. రాజీఖుషీగ సంతకం వెడుతున్నవా అమ్మా?" పెన్ను ఆమె చేతిలో ఉంది. ఎన్నోసార్లు మనసులో చూసింది ఈ బల్లను, బస్సు కిటికీలోంచి, నిద్ర పట్టకుండా, అన్నం కలుపుతూ. గట్టిగా అరుస్తానేమో అనుకునేది. గొంతు మామూలుగానే వచ్చింది, టిక్కెట్ టిక్కెట్ అని అడిగే గొంతే.

"లేదు సార్. నాకిష్టం లేదు."

ఆఫీసరు అప్పుడు తలెత్తాడు. అంజన్ అక్కా అన్నాడు, ఆటగా ఉందా నీకు అన్నట్టు సగం నవ్వుతో. ప్రేమ్‌రాజ్ నవ్వలేదు, వకీలు కదా, లేదు అనే మాట బరువు తెలుసు. ఆఫీసరు ఇంకోసారి అడిగాడు, ఆమె ఇంకోసారి అదే చెప్పింది, పెన్ను బల్ల మీద పెట్టింది. బయటికి పోయి మాట్లాడుకోండి, వెనక జనం ఉన్నారు అన్నాడు ఆఫీసరు. నలుగురూ మళ్లీ ఆ బెంచీల దగ్గరికే వచ్చారు.

"ఏమైందమ్మా, మీ వాటా సంగతా? కూసుండి మాట్లాడుకుందం, నేనున్న గద" అన్నాడు ప్రేమ్‌రాజ్, గొంతు తగ్గించి, మెత్తగా.

"ఛత్రినాకల ఇల్లు. లైన్‌మన్ నగేష్ భార్యను నేను."

చెప్పేసింది. ఇంక అతని ముఖంలో అది కనబడాలి, నెత్తురు దిగిపోవాలి, ఇన్నేళ్లు దానికోసమే గదా. ప్రేమ్‌రాజ్ కళ్లు చిన్నవి చేశాడు. నుదురు ముడిపడింది. అతను దాస్తున్నాడా అని ఆమె దగ్గరికి జరిగి చూసింది. దాయడం లేదు. వెతుకుతున్నాడు. నిజంగా వెతుకుతున్నాడు, బీరువా తెరిచి అరలన్నీ చూసేవాడిలాగా. "ఏ నగేష్?" అన్నాడు. "ఛత్రినాకల నాలుగైదు చేసిన నేను. అక్క కేసు అయినదా, మోరీ కాల్వ జాగది అయినదా?"

నాలుగైదు. వాళ్లు కూడా ఎక్కడో బస్సుల్లో నిలబడి, ఎవరి కిటికీలోకో చూస్తూ, నాలుక కింద ఒక మాట దాచుకుని ఉన్నారన్నమాట. తను ఒక్కతే అనుకుంది. వీడికి తను శత్రువు కూడా కాదు. చివరికి చెప్పాల్సి వచ్చింది, వరసగా, అర్జీ చదివినట్టు, గడియారాల దుకాణం మీది ఆఫీసు, ఒక్కడే కొడుకన్నది, మాణిక్యమ్మ అన్నం పెట్టింది, ఇద్దరికీ నేనే అన్నది. బూట్ల సంగతి చెప్పలేదు. అది నగేష్‌ది, వీడి ముందు పరవదు. వింటూ వింటూ ప్రేమ్‌రాజ్ "ఆ, ఆ" అన్నాడు, దొరికింది అన్నట్టు, ఇంకేదో అనబోయాడు, కాని అతనికంటే ముందు కూతురు మాట్లాడింది.

"డాడీ, ఇద్దరికి నువ్వే సూసినవా?"

"అప్పట్ల అందరు గట్లనే చేస్తుండె బేటా."

"ఆమె ఉన్నదని నీకు తెల్సు గద. తెల్సి..." తనూజ చేతిలోని ఫైలును, ఇందాక రాజమణికి విసిరిన ఫైలును, బెంచీ మీద పెట్టి ఒక అడుగు వెనక్కి వేసింది, తండ్రి నుంచి, ఎక్కువ కాదు, ఒక్క అడుగే. ప్రేమ్‌రాజ్ ముఖం అప్పుడు మారింది. మహేశ్వరి చూడాలనుకున్నది అదే, నెత్తురు దిగిపోవడం, ఇన్నేళ్లకు చూసింది. తియ్యగా ఉంది. అబద్ధమెందుకు, చాలా తియ్యగా ఉంది, ఒళ్లంతా పాకింది. ఇంకాసేపు చూడాలనిపించింది, చూసింది కూడా, అతను "బేటా, నేను చెప్త ఇను" అంటుంటే ఆ పిల్ల తల అడ్డంగా ఊపుతూ మెట్ల వైపు తిరిగేదాకా చూసింది.

తరువాత ఇటు తిరిగితే అంజన్ లేడు. ఆటో చూడడానికి కిందికి పోయాడు, అతని చెప్పుల చప్పుడు మెట్ల మీద వేగంగా దిగిపోతోంది, అక్క వెనక వస్తుందా లేదా అని ఆగలేదు. రాజమణి ఒక్కతే బెంచీ మీద ఉంది, అన్నీ విన్నది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊపిరి కూడదీసుకుంటోంది. తిడుతుందనుకుంది మహేశ్వరి. తిడితే బాగుండును, సిద్ధంగా ఉంది, జవాబులు కూడా ఉన్నాయి, నీకు తెల్వదు రాజమణీ నా కడుపుల ఏమున్నదో అని మొదలుపెట్టేది.

"ముందుగాల జెప్పుంటె," అంది రాజమణి, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ, "నేను మెట్లెక్కకపోదును గద వదినె."

అంతే అంది. లేవడానికి చెయ్యి చాపింది, పట్టుకోవడానికి అక్కడ ఇంకెవరూ లేరు. మహేశ్వరి ఆమె చంక కింద చెయ్యి వేసి లేపింది. ఇద్దరూ దిగడం మొదలుపెట్టారు, ఒక మెట్టు, ఆగి, ఇంకో మెట్టు. కిందికి పోయేవాళ్లు పక్కనుంచి దాటుకుని పోతున్నారు. పశ్చాత్తాపం కోసం లోపల వెతుక్కుంది మహేశ్వరి, దొరకలేదు, ఆ తీపి ఇంకా నోట్లోనే ఉంది, దాని పక్కనే ఈ ఈల శబ్దం, చెవి దగ్గర, తగ్గకుండా. మలుపు దగ్గర రాజమణి ఆగిపోయి తల వాల్చి బరువంతా ఆమె భుజం మీద వేసింది. కోపంతో వేసిందో, ఊపిరి చాలక వేసిందో తెలియలేదు. మహేశ్వరి గోడకు వీపు ఆనించి, ఆ బరువును ఆపుకుని నిలబడింది, ఇంకా ఒక అంతస్తు ఉంది దిగడానికి.